ఠాణా గడప దగ్గర



రాజా బహదూర్ వెంకటరామారెడ్డి గారి స్మృతిలో మాట్లాడమన్నారు. ఆయన పేరు వినగానే మనలో చాలామందికి 1918లో మొదలైన రెడ్డి హాస్టల్ గుర్తొస్తుంది. నారాయణగూడలో తెలుగు ఆడపిల్లల బడి కోసం మాడపాటి హనుమంతరావు గారు పాటుపడుతున్నప్పుడు ఈయన దన్నుగా నిలిచిన సంగతి గుర్తొస్తుంది. సురవరం ప్రతాపరెడ్డి గారు ఆయన జీవిత చరిత్ర రాసిపెట్టారు కాబట్టి ఆ విషయాలు పదిలంగా మిగిలాయి. కానీ ఆయన జీతం తీసుకున్నది పోలీసు ఉద్యోగానికి. వనపర్తి సీమలో పుట్టి, కింది మెట్టు నుంచి ఎదిగి, 1920 నుంచి 1934 దాకా ఈ హైదరాబాదు నగరానికి కొత్వాలుగా, అంటే పోలీసు అధిపతిగా ఉన్నారు. అందుకని ఇవాళ నేను ఈ నగర పోలీసు గురించే మాట్లాడతాను. జనంతో కలిసి పనిచేస్తామని, అందరికీ ఒకే తీరున సేవ చేస్తామని ఆ శాఖ మాట ఇచ్చింది. ఆ మాట ఎక్కడ నిలబడుతోంది, ఎక్కడ జారిపోతోంది అన్నది నా విషయం.

ఉర్దూ దర్బారులో ఒక తెలుగువాడు ఆ కుర్చీ దాకా వెళ్లడం చిన్న సంగతి కాదు. వెళ్లాక తన పలుకుబడిని పిల్లల చదువులకు ఖర్చుపెట్టడం ఇంకా పెద్ద సంగతి. ఆయన మీద నాకున్న గౌరవానికి లోటేమీ లేదు. అయినా ఒకటి ఒప్పుకోవాలి. ఆనాటి కొత్వాలు జవాబు చెప్పుకోవలసింది నిజాం ప్రభువుకు. కొత్వాలు మంచివాడైతే జనానికి మేలు జరిగేది. ఆ మేలు దయగా దక్కేది, హక్కుగా కాదు. కొత్వాలీ పురానీ హవేలీ నుంచి బషీర్‌బాగ్‌కు, అక్కడి నుంచి 2022లో బంజారాహిల్స్ అద్దాల టవర్లకు వచ్చింది. మనం మాత్రం ఇప్పటికీ మంచి కమిషనర్ వస్తే బాగుండునని ఎదురుచూస్తూనే ఉన్నాం. వచ్చినాయన ఒక కార్యక్రమం మొదలుపెడతారు, ఆయన బదిలీ అవుతారు, ఆ కార్యక్రమం బోర్డు మీద మిగులుతుంది.

దయ మీద నడిచే వ్యవస్థలో దయ లేని రాత్రి ఏమవుతుందో ఈ నగరం 1978 మార్చిలో చూసింది. సినిమా చూసి ఇంటికి పోతున్న ఒక జంట నల్లకుంట ఠాణా పాలబడింది. భర్త రిక్షా తొక్కేవాడు. దెబ్బలకు అతను చనిపోయాడు. భార్య మీద పోలీసులే అత్యాచారం చేశారు. ఆమె పేరు ఆ రోజుల్లో పత్రికలన్నీ రాశాయి, నేను చెప్పను. శవాన్ని భుజాన వేసుకొని జనం ఠాణా మీదికి వచ్చారు. నగరం భగ్గుమంది, కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే నేరమని తేల్చింది. ఆ కమిషన్ ముందే ఆమె నడవడిక మీద బురద చల్లే ప్రయత్నాలు జరిగాయి. తర్వాత కేసు విచారణ రాయచూరుకు మారింది. అక్కడ నిందితులు నిర్దోషులుగా బయటికి వచ్చారు.

పోలీసులకూ జనానికీ మధ్య నమ్మకం గురించి మాట్లాడే ఎవరైనా హైదరాబాదులో ఆ రాత్రి నుంచి మొదలుపెట్టాలని నా అభిప్రాయం. ఆ నమ్మకం లేకపోవడానికి జనం అజ్ఞానం కారణం కాదు. వాళ్లకు జ్ఞాపకం ఉంది.

ఇప్పటి ఠాణాకు వద్దాం. తెలంగాణ వచ్చాక నగర ఠాణాల రూపు మారింది. ఇన్నోవా బండ్లు వచ్చాయి, బ్లూకోల్ట్స్ మోటారుసైకిళ్లు వచ్చాయి, రిసెప్షన్ బల్ల వచ్చింది, ఫిర్యాదు ఇచ్చేవాడు కూర్చోవడానికి కుర్చీ వచ్చింది. స్టేషన్ ఖర్చులకు నెలనెలా డబ్బు ఇవ్వడం మొదలైంది. ఇది పైకి చిన్నదిగా కనిపిస్తుంది. అంతకు ముందు తెల్లకాగితాల దస్తా, బండిలో డీజిల్ ఫిర్యాదుదారుడి జేబులోంచే వచ్చేవని కోర్టుల చుట్టూ తిరిగేవాళ్లందరికీ తెలుసు. కాగితం కొనిచ్చినవాడి కేసు ముందుకు కదులుతుంది, కొనలేనివాడిది ఆగుతుంది. కాబట్టి ఆ నెలవారీ డబ్బు న్యాయానికి సంబంధించిన సంస్కరణ. దానికి దక్కాల్సిన మెప్పు దక్కలేదు.

కానీ ఆ కుర్చీలో కూర్చున్నాక ఏం జరుగుతుందో చూద్దాం. నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో పనిచేసే మాకు ఇది రోజూ వినే కథ. నాలుగు ఇళ్లలో అంట్లు తోమే ఒకావిడ రాత్రి పదిన్నరకు ఠాణాకు వస్తుంది. కొడుకు సెకండ్‌హ్యాండ్‌లో కొన్న బండి పోయింది. ఆ బండి మీదే వాడు డెలివరీ పని చేస్తాడు. సెంట్రీ లోపలికి పంపుతాడు. బల్ల దగ్గరున్న కానిస్టేబుల్ మర్యాదగానే మాట్లాడతాడు, "అమ్మా" అనే పిలుస్తాడు. ఎక్కడ పోయిందని అడుగుతాడు. ఆమె చెబుతుంది. "అది మా లిమిట్స్ కాదమ్మా, రోడ్డుకు అవతలి పక్క వేరే స్టేషన్." అవతలి స్టేషన్‌లో "పిటిషన్ రాసుకొని రా" అంటారు. ఆమెకు రాయడం రాదు. బయట జిరాక్స్ దుకాణం మూసి ఉంటుంది. పొద్దున ఆ దుకాణం కుర్రాడి చేత రాయించుకొని తెస్తుంది. కాగితం తీసుకుంటారు. "ఎస్సై గారు బందోబస్తులో ఉన్నారు, ఫోన్ చేస్తాం." ఆమె చేతిలో రసీదు ఉండదు, నంబరు ఉండదు. వారం తర్వాత వెళితే ఆ కాగితం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ఇంతలో ఆమె పనిచేసే ఇంటాయన ఎవరికో ఫోన్ చేస్తాడు. అరగంటలో ఎఫ్‌ఐఆర్ అవుతుంది.

ఆ కథలో ఎవరూ ఆమెను తిట్టలేదు, లంచం అడగలేదు. కుర్చీ వేశారు, నీళ్లు ఇచ్చారు. "ఫ్రెండ్లీ పోలీస్" అన్న బోర్డుకు తగ్గట్టే నడుచుకున్నారు. అయినా ఆమెకు దక్కాల్సింది దక్కలేదు. ఫోన్ చేయించే మనిషి ఉన్నందువల్ల దక్కింది. ఫోన్ చేయించే మనిషి లేనివాళ్లకు ఆ ఠాణాలో మొదటి పది నిమిషాల్లో ఏం దక్కుతుంది? సమాన సేవకు ఇంతకు మించిన కొలత నాకు తెలియదు.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. విచారణకు అర్హమైన నేరం గురించి సమాచారం వస్తే ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి తీరాలని లలితకుమారి కేసులో 2013 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ఇంకా ముందుకెళ్లింది. నేరం ఏ ఠాణా హద్దులో జరిగినా ఏ ఠాణాలోనైనా సమాచారం ఇవ్వవచ్చు. నోటితో చెబితే అధికారే రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. నకలు వెంటనే, పైసా తీసుకోకుండా ఇవ్వాలి. ఠాణా అధికారి, అంటే ఎస్‌హెచ్‌ఓ, నిరాకరిస్తే పై అధికారికి తపాలాలో పంపవచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లవచ్చు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు తెలియజేయాలని 193వ సెక్షన్ చెబుతోంది. "మా లిమిట్స్ కాదు" అన్న మాటకు చట్టంలో చోటే లేదు.

ఆ మాట ఎంత దూరం పోతుందో 2019 నవంబర్ 27 రాత్రి తెలిసింది. శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌గేట్ వద్ద ఒక యువ పశువైద్యురాలు కనిపించకుండా పోయింది. కుటుంబం ఠాణాకు పరుగెత్తింది. ఇది మా పరిధి కాదు, పక్క ఠాణాకు వెళ్లండని తిప్పారని, ఆ అమ్మాయి గురించి అడగకూడని ప్రశ్నలు అడిగారని కుటుంబం చెప్పింది. నిర్లక్ష్యం చూపినందుకు ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. ఆ రాత్రి తెల్లారేసరికి చటాన్‌పల్లి వంతెన కింద ఆమె శవం కాలిపోయి దొరికింది. డిసెంబర్ 6 తెల్లవారుజామున నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆ పొద్దున అదే వంతెన మీద జనం పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు, భుజాల మీదికి ఎత్తుకున్నారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్‌కర్ కమిషన్ 2022లో బయటికొచ్చిన నివేదికలో ఆ కాల్పుల మీద పోలీసులు చెప్పిన కథనం నమ్మదగింది కాదని తేల్చింది. పదిమంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరపాలని సిఫారసు చేసింది.

ఆ పూల గురించి మనం సరిగ్గా మాట్లాడుకోలేదు. పోలీసులకూ ప్రజలకూ అంత దగ్గరితనం ఈ నగరం మునుపెన్నడూ చూడలేదు. జనం కోరినది పోలీసులు చేశారు, జనం మెచ్చారు. జనం మెప్పే గీటురాయి అయితే దానికి మించిన కమ్యూనిటీ పోలీసింగ్ ఉండదు. అందుకే నాకు భయం వేసింది. ఫిర్యాదు తీసుకోవలసిన రాత్రి తీసుకోని ఠాణాను జనం తొమ్మిది రోజుల్లో మర్చిపోయారు. ఎఫ్‌ఐఆర్ కాగితం అడగడం తెలియని జనానికి తుపాకీ మోత న్యాయంలా వినిపిస్తుంది. ఈ మాట నేను పోలీసులకు కాదు, మనకే చెబుతున్నాను. నల్లకుంటలో పోయిన ప్రాణానికి రాళ్లు పట్టుకున్న నగరం ఇదే, నలభై ఏళ్లకు పూలు పట్టుకున్న నగరమూ ఇదే. రెండుసార్లూ ఠాణా లోపల ఏం జరుగుతోందో చూసే వీలు మనకు లేదు.

మంచి జరిగిన చోట మంచిని చెప్పాలి. 2014 అక్టోబర్‌లో ఆడవాళ్ల భద్రత కోసం పోలీసుల షీ టీమ్స్ మొదలయ్యాయి. మఫ్టీలో బస్‌స్టాపుల దగ్గర, కాలేజీల దగ్గర నిలబడి, వెంటపడి వేధించేవాళ్లను వీడియో సాక్ష్యంతో పట్టుకున్నారు. తల్లిదండ్రుల ఎదుట కూర్చోబెట్టి కౌన్సెలింగ్ చేశారు. వాట్సాప్‌లో ఫిర్యాదు చాలు, ఠాణాకు రానక్కర్లేదన్నారు. 2016లో భరోసా కేంద్రం వచ్చింది. అత్యాచార బాధితురాలు ఆసుపత్రికి ఒకసారి, ఠాణాకు ఒకసారి, వకీలు దగ్గరికి ఒకసారి తిరిగి, తిరిగిన ప్రతిచోటా జరిగిందంతా మళ్లీ చెప్పుకోవలసిన దుస్థితి ఉండేది. ఒకే కప్పు కింద అన్నీ చేసే ఏర్పాటు దాన్ని చాలా తగ్గించింది. ఈ రెండూ గట్టి పనులు. ఎంతోమంది ఆడపిల్లలు వీటివల్ల రాత్రి షిఫ్టులకు ధైర్యంగా వెళుతున్నారు. కాకపోతే ఇంకొకటి కూడా గమనించండి. రెండూ ఠాణా బయట పుట్టినవే. ఠాణాకు రానక్కర్లేదన్న భరోసాతోనే జనం ముందుకొచ్చారు. ఆ భరోసా ఠాణా లోపలికి ఎప్పుడు వస్తుందన్నది మిగిలిపోయిన ప్రశ్న.

ఇక కెమెరాలు. 2013లో చేసిన ప్రజాభద్రత చట్టం ప్రకారం వందమంది గుమిగూడే ప్రతి సంస్థా సీసీ కెమెరాలు పెట్టాలి. "నేను సైతం" పేరుతో కాలనీ సంఘాలూ దుకాణదారులూ చందాలు వేసుకొని మరిన్ని పెట్టారు. దొంగతనాలు పట్టుకోవడంలో అవి సాయపడ్డాయి, కాదనను. కానీ ఠాణాలో కూడా కెమెరా ఉండాలని, లాకప్‌లోనూ వరండాలోనూ ఇన్‌స్పెక్టర్ గదిలోనూ మాటలతో సహా రికార్డు కావాలని, 18 నెలలు దాచాలని 2020 డిసెంబర్‌లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వీధి కెమెరాకు చందా అడిగిన ఉత్సాహంలో సగమైనా ఈ కెమెరాల మీద నాకు కనిపించలేదు. దగ్గరితనమంటే మనం వాళ్లకు కనబడడం మాత్రమే కాదు, వాళ్లూ మనకు కనబడాలి.

బస్తీల్లో ఈ ఒకవైపు చూపు మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది. తెల్లవారుజామున వందలమంది పోలీసులు బస్తీని చుట్టుముట్టి, ఇంటింటికీ వెళ్లి ఆధార్ కార్డులు చూసి, కాగితాలు లేని బండ్లు పట్టుకుపోయే కార్డన్ సెర్చ్‌లు మీకు తెలుసు. విమర్శలు పెరిగాక చాలాచోట్ల దానికే కమ్యూనిటీ కాంటాక్ట్ ప్రోగ్రాం అని పేరు పెట్టారు. నిద్రలోంచి లేచిన పిల్లలు తల్లి కొంగు పట్టుకొని నిలబడితే, తండ్రి ఆర్‌సీ బుక్కు కోసం ట్రంకుపెట్టె వెతుక్కుంటున్నప్పుడు జరిగేది పరిచయం కాదు. ఇల్లు సోదా చేయాలంటే కారణం రాతలో పెట్టాలని, ఆడియో వీడియో తీయాలని చట్టంలోనే ఉంది. గేటెడ్ కమ్యూనిటీని అలా చుట్టుముట్టిన వార్త నేనెప్పుడూ చదవలేదు. 2021 అక్టోబర్‌లో మన వీధుల్లోనే కుర్రాళ్ల ఫోన్లు లాక్కొని వాట్సాప్ సందేశాల్లో గంజాయి మాట వెతికిన వీడియోలు దేశమంతా చూసింది. నేను చూసిన వీడియోల్లో ఆ ఫోన్లు స్కూటర్ల మీద పోయేవాళ్లవే, కార్లలో పోయేవాళ్లవి కావు. అదే ఏడాది పాతబస్తీలో ఒక పౌరుణ్ణి ఆపి, మాస్క్ తీయించి, ఫొటో తీసుకున్నారు. ఆ ఫొటో ఏమవుతుందని అడుగుతూ ఆయన హైకోర్టుకు వెళ్లారు. ఆయన అడిగినట్టు అడిగేవాళ్లు ఉండటం ఈ నగరానికి మేలు.

మార్పు రాదని నేను అనడం లేదు. వచ్చినప్పుడు ఎలా వస్తుందో చెప్పడానికి హిజ్రాల చట్టం ఒక్కటి చాలు. 1329 ఫస్లీలో, అంటే 1919 ప్రాంతంలో, వెంకటరామారెడ్డి గారు కొత్వాలయ్యే నాటికి, నిజాం ప్రభుత్వం ఆ చట్టం చేసింది. నగరంలో ఉండే హిజ్రాల పేర్లూ చిరునామాలూ రిజిస్టరులో రాయాలి. చీర కట్టుకొని వీధిలో కనబడితే, బహిరంగంగా ఆడిపాడితే వారంట్ లేకుండా పట్టుకోవచ్చు. నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చి చీలింది, ఆ చట్టం మాత్రం పుస్తకాల్లో బతికే ఉంది. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2024 డిసెంబర్‌లో అదే నగర పోలీసు శాఖ ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకుంది. నూరేళ్లు రిజిస్టరులో నిందితుల్లా ఉన్నవాళ్లు ఇప్పుడు కూడలిలో చెయ్యి చూపితే బస్సు ఆగుతుంది. దీన్ని ఏ మంచి కొత్వాలూ దయతో ఇవ్వలేదు. కోర్టుకెక్కినవాళ్లు ఉన్నారు, సంఘం పెట్టుకున్నవాళ్లు ఉన్నారు, ఆ తర్వాత శాఖ కదిలింది. శాఖ కదిలినందుకు నేను మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను.

ఇతర రాష్ట్రాల అనుభవం కూడా ఉంది. మహారాష్ట్రలో భివండి మగ్గాల ఊరు, మత కలహాలకు పేరుపడ్డ ఊరు. 1988లో అక్కడి పోలీసు అధికారి సురేశ్ ఖోపడే మొహల్లా కమిటీలు పెట్టారు. పండుగ ముందు ఒకరోజు చాయ్ తాగించి పంపే శాంతి కమిటీల వంటివి కావు. వీధివీధికీ రెండు మతాలవాళ్లు, మామూలు మనుషులు, ఏడాది పొడవునా కూర్చొని నల్లా తగాదా నుంచి గోడ తగాదా దాకా మాట్లాడుకున్నారు. 1992–93లో పక్కనే బొంబాయి తగలబడుతుంటే భివండి నిలబడింది. కేరళ 2008లో జనమైత్రి మొదలుపెట్టింది. బీటు కానిస్టేబుల్‌కు తన బీటులో ప్రతి ఇంట్లో ఒకరైనా పేరుతో తెలిసుండాలన్నది అందులో నియమం. మన పాతబస్తీలో గణేశ్ నిమజ్జనానికి, బోనాలకు, బీబీ కా ఆలం ఊరేగింపుకు ముందు కూర్చునే కమిటీలు ఎన్నో గండాలు గట్టెక్కించాయి. ఆ పెద్దలకు దండం పెట్టాలి. అయితే ఆ కుర్చీల్లో ఎవరు కూర్చుంటారు? లీడర్లు, సేట్లు, కాలనీ ప్రెసిడెంట్లు. అంటే ఫోన్ చేయించగలవాళ్లే. సఫాయి కార్మికురాలు, ఒడిశా నుంచి వచ్చిన సెంట్రింగ్ మేస్త్రీ, ఆటో డ్రైవరు అక్కడ ఉండరు.

కానిస్టేబుల్ సంగతి చెప్పకపోతే ఇది ఏకపక్షం అవుతుంది. కామన్ కాజ్, సీఎస్‌డీఎస్ సంస్థలు దేశమంతా చేసిన 2019 అధ్యయనంలో పోలీసులు సగటున రోజుకు 14 గంటలు పనిచేస్తున్నారని తేలింది. సగం మందికి వారపు సెలవు లేదు. అసెంబ్లీ బందోబస్తు నుంచి వచ్చి, మ్యాచ్ బందోబస్తుకు వెళ్లేలోపు రిసెప్షన్ బల్ల దగ్గర రెండు గంటలు కూర్చున్న మనిషి ఎదుటివాడి బండి కథ ఓపికగా వినాలంటే ఎలా? పై అధికారి తనను "ఏయ్" అని పిలుస్తుంటే, తాను వచ్చినవాణ్ణి "అయ్యా" అని ఎలా పిలుస్తాడు? న్యాయంగా చూడబడని మనిషి చేత న్యాయం పంచిపెట్టించలేం. వాళ్ల సెలవు కోసం మనం కూడా అడగాలి. వాళ్లకు సంఘం పెట్టుకొని అడగడం మనకున్నంత సులువు కాదు.

ఇప్పుడు నేను అడగదలచింది చెబుతాను. కొత్త పథకం కాదు, కొత్త పేరు కాదు. నగరంలోని ప్రతి ఠాణా మూడు నెలలకోసారి తన హద్దులోని ఒక బడిలోనో ఫంక్షన్ హాల్లోనో కూర్చోవాలి. ఎన్ని పిటిషన్లు వచ్చాయి, ఎన్ని ఎఫ్‌ఐఆర్ అయ్యాయి, కానివి ఎందుకు కాలేదు, 90 రోజుల సమాచారం ఎంతమందికి వెళ్లింది, ఠాణాలో కెమెరాలు ఎన్ని పనిచేస్తున్నాయి అని ఎస్‌హెచ్‌ఓ చదివి వినిపించాలి. పేర్లు అక్కర్లేదు, లెక్కలు చాలు. ముందు వరసలో బస్తీవాళ్లు కూర్చోవాలి. నోటితో చెప్పిన ప్రతి ఫిర్యాదుకూ ఆ రాత్రే ఒక నంబరు చేతికివ్వాలి, అదే ఎస్‌ఎంఎస్‌గా పోవాలి. వీటిలో వేటికీ కొత్త చట్టం అవసరం లేదు, అసెంబ్లీ అవసరం లేదు. 1348 ఫస్లీ నాటి నగర పోలీసు చట్టం కింద కమిషనర్‌కు ఉన్న అధికారాలు ఎంత విస్తారమైనవో ఈ సభలో ఉన్న పోలీసు అధికారులకు నాకన్నా బాగా తెలుసు. ఊరినుంచి మనిషిని బహిష్కరించగల అధికారం ఉన్న కుర్చీకి ఒక రసీదు ఇప్పించే అధికారం లేకపోదు.

నాంపల్లిలో నాతో పనిచేసే కుర్ర వకీళ్లతో ఈ వారం మాట్లాడాను. మొదటి సమావేశం పెట్టడానికి ఏ ఠాణా ముందుకొచ్చినా ఆ లెక్కలను తెలుగులో, ఉర్దూలో, హిందీలో రాసి గోడకు అంటించే పని వాళ్లు చేస్తామన్నారు. రాయడం రాని ఫిర్యాదుదారుల కోసం సాయంత్రం ఆరు నుంచి పది దాకా వంతులవారీగా ఆ ఠాణాలో కూర్చుంటామన్నారు, ఫీజు లేకుండా. ముందు వరసలో ఉన్న ఇన్‌స్పెక్టర్లు సభ అయ్యాక నన్ను కలవండి. వాళ్ల పేర్లు, వాళ్లు రాగలిగిన రోజులు రాసుకొని వచ్చాను.